మైకుకు ఏ రోగమూ లేదు

“మైకుకు ఏ రోగమూ లేదు సార్,” అన్నాడు దాన్ని బాగుచేయడానికి వచ్చినతను, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ. “దీనికే కాదు, ఇంతకుముందు మీరు పట్టుబట్టి మార్పించిన వాటికీ లేదు. వాటిని పక్క గదుల్లో పెట్టాం, శుభ్రంగా పనిచేస్తున్నాయి. మీరే వాక్యం చివరికొచ్చేసరికి గొంతు మింగేస్తున్నారు. ఆఖరి మాట మీ నోట్లోనే ఉండిపోతోంది. బయటికి రాని మాటని పాపం మైకు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?”

గొడుగుకు చిల్లేమీ లేదండీ, మీరే తెరవడం మర్చిపోయారు అన్నంత మామూలుగా అన్నాడు. ఆయన నవ్వబోయాడు కూడా. నవ్వబోతూ, సాక్ష్యానికి పిలుస్తున్నట్టు, రెండు గదుల మధ్య అద్దం అవతలికి చూశాడు. ఇన్నేళ్ళుగా ఆయన ఇవతల చదువుతుంటే అవతల కూర్చుని వినే ఆమె, రోజూ ‘మైకు అందుకోలేదు సార్, ఆఖర్న ఇంకొక్కసారి’ అనే ఆమె, హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని, దొరికిపోయిన పిల్లలా తల వంచుకుని ఉంది. బాగుచేసేతను పెట్టె మూసుకుని వెళ్ళిపోయాడు. ఆమె మందపాటి తలుపు తోసుకుని ఇటువైపుకొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

“మీ ఇంట్లో అమ్మగారు చెప్పారు సార్. మీరు చేరిన కొత్తల్లో. ‘తప్పు చదివారని మాత్రం ఆయనతో అనకమ్మా, మర్నాటినుంచి రారు. మైకు అందుకోలేదను, ఎన్నిసార్లైనా చదువుతారు’ అన్నారు. నేను సరేనన్నాను. ఆవిడ పోయాక చెప్పేద్దామనుకున్నా. అప్పుడెలా చెప్పను?” ఆమె తలుపు వైపు తిరిగింది. “భోజనం చేసి వచ్చేస్తాను. మీరు… ఉంటారుగా?” అని, జవాబుకు ఆగకుండా వెళ్ళిపోయింది.

ఉంటారుగా. ఆ మాటే గదిలో మిగిలింది. ఈ గదిలో మాట ఎక్కడికీ పోదు, గోడల నిండా బూడిదరంగు స్పాంజి, బల్ల మీద మెత్తటి గుడ్డ, పేజీ తిప్పినా చప్పుడు కాకూడదని; కుర్చీ కాళ్ళకు కూడా తొడుగులున్నాయి; ఇక్కడ కూర్చుంటే మనిషికి తన ఊపిరే పొరుగువాడిలా వినిపిస్తుంది. కళ్ళు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం ఇది. పద్ధతి అన్ని గదుల్లోనూ ఒకటే, ఇవతల ఒకరు చదువుతారు, అవతల ఒకరు అదే పుస్తకం ముందు పెట్టుకుని వింటారు, తప్పు దొర్లితే వేలి కణుపుతో అద్దం మీద టక్కున కొడతారు, చదివేవాళ్ళు ఆగి వాక్యం మొదటికి వెళతారు. టక్, మళ్ళీ మొదటికి, టక్, మళ్ళీ మొదటికి. టీ తాగేటప్పుడు మిగతా చదువరులంతా తలలు పట్టుకునేవారు, ఇవాళ మావాడు అద్దం బద్దలు కొట్టేశాడనుకోండి అని ఒకరు, మా ఆవిడ ఇంట్లో అప్పడాల కర్రతో, ఈవిడ ఇక్కడ వేలితో అని ఇంకొకరు. ఆయన కప్పులోకి చూసుకుంటూ వినయంగా చిరునవ్వు నవ్వేవాడు. మా గదిలో ఆ బాధ లేదండీ, మా బాధల్లా మైకుతోనే అనేవాడు. అన్నాడు. ఒకసారి కాదు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అవును సార్ మీ గది మైకు మరీ మొండిది అని తలలూపేవారు. వాళ్ళకు తెలుసు. టీ తెచ్చేవాడికి కూడా తెలుసేమో. చెవుల దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా దిగి వీపంతా పాకింది, చేతివేళ్ళు మాత్రం చల్లగా, తనవి కానట్టు, బల్ల మీద పడి ఉన్నాయి. చేతిసంచి కుర్చీ పక్కనే ఉంది. గొడుగు తలుపు వెనక ఉంది. లేచి తీసుకోవడమే.

వెళ్ళిపోవడం ఆయనకు చేతనైన పని. మనుషులకు ఈత వచ్చినట్టు, సైకిలు వచ్చినట్టు ఆయనకు వెళ్ళిపోవడం వచ్చు, అదీ చప్పుడు కాకుండా, ఎవరూ పొమ్మనకముందే. బడిలో నాటకానికి పిల్లల్ని ఎంచే రోజు మేష్టారి చూపు ఆయన మీద నుంచి జారి వెనక బెంచీ వైపు వెళ్ళింది, జారిందంతే, మళ్ళీ తిరిగొచ్చేదేమో, ఈలోగా ఆయన కడుపునొప్పి అని చెయ్యెత్తి ఇంటికెళ్ళిపోయాడు. ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ మధ్యాహ్నం నలుగురు కలిసి తినే బల్ల ఒకటుండేది. ఒకరోజు ఆయన వెళ్ళేసరికి వాళ్ళు మొదలుపెట్టేశారు, రండి రండి అని జరిగారు కూడా, జరిగారు గానీ ముందు మొదలుపెట్టేశారుగా, మర్నాటినుంచి ఆయన తన సీట్లోనే తిన్నాడు. ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని రోజూ డబ్బా కాస్త ఆలస్యంగా తెరిచేవాడు. ఎవరూ రాలేదు. చూశావా అనుకున్నాడు. ఈయనకి మన తిండి నచ్చదు కాబోలు అని వాళ్ళనుకున్నారట. సాయంత్రాలు చదరంగం ఆడే స్నేహితుడు ఒక ఆదివారం ఇంకెవరితోనో ఆడుతూ కనిపించాడు, అంతే, ఆ వీధి మానేసి చుట్టుదారిన ఇంటికెళ్ళాడు, వర్షాకాలమంతా ఆ బురదలోనే. అన్నయ్య కొత్త ఇంటి ఫొటోలో ఆయన భుజం ఒక్కటే పడింది. ఆ భుజాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నాడో, అన్నయ్య పోయినప్పుడు కూడా ముందు ఆ భుజమే గుర్తొచ్చింది. నాన్న గాజు సామాను అనేది కూతురు, చిన్నప్పుడు, నవ్వుతూ. పెట్టె మీద రాసి ఉంటుందే, జాగ్రత్త అని, మా నాన్నకి నుదుటి మీద రాసుంటుంది అని వాళ్ళమ్మతో అనేది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి తలుపు మీద భార్య చేతి గాజుల చప్పుడు, ఏమండీ, లైటు పాడైంది కాస్త చూస్తారా అని.

లైటు పాడైంది. ఆయన లేచి స్టూలెక్కి బల్బు తిప్పితే వెలిగింది. ఎప్పుడు తిప్పినా వెలిగేది. అలక వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఏదో ఒకటి పాడయ్యేది, కుళాయి, గడియారం, కుట్టుమిషను, ఆయన చెయ్యి పడగానే బాగయ్యేది, మీరు లేకపోతే ఈ ఇల్లు ఏమైపోయేదో అనేది ఆవిడ. ఆగు. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. ఆగు, ఆగు. బల్బు వదులు చేయడానికి ఆవిడ కూడా స్టూలు ఎక్కి ఉండాలి కదా.

ఆ వాన రోజు. ఆయన గొడుగు మర్చిపోయి వచ్చేస్తే భార్య తీసుకుని వచ్చింది, ఈ గదికి మొదటిసారి. ఆయన ఇవతల ఇక్కడే, ఈ కుర్చీలోనే, పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు, ఆవిడ అద్దం అవతల తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ ఆమెతో మాట్లాడింది. రెండు నోళ్ళు కదులుతున్నాయి, చప్పుడు లేదు. ఆవిడ చెయ్యి ఒకసారి ఇటువైపు చూపింది. అవతలి ఆమె ఇటు చూసింది, మళ్ళీ ఆవిడ వంక చూసింది, ఇద్దరూ నవ్వారు. తన మీదే నవ్వుకున్నారని ఆయన తీర్మానించేశాడు. ఇంటికి వెళ్ళేదారంతా ఒకే గొడుగు కింద, మాట లేదు, కావాలని గొడుగు పూర్తిగా ఆవిడవైపు వంచి తను తడిశాడు, అదొక శిక్ష, ఎవరికో తెలియదు. వారమంతా మాట్లాడలేదు. ఆవిడ ఏమైందని ఒక్కసారీ అడగలేదు, వేడినీళ్ళు పెట్టింది, తువ్వాలు చేతికిచ్చింది. ఆ వేళ ఆ అద్దం వెనక ఆవిడ చేసిన పని ఇదన్నమాట, భర్తను చేతిలో పెట్టి, ఇలా పట్టుకో అమ్మా, ఇక్కడ పట్టుకుంటే విరుగుతుంది, ఇక్కడ పట్టుకో అని నేర్పుతున్నదన్నమాట. ఇంకెంతమందికి నేర్పింది? ఆయన వెళ్ళే ప్రతి చోటికీ ఆవిడ ఒక అడుగు ముందు వెళ్ళి, నేల మీద గాజుపెంకులు ఏరేసి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి వంటింట్లో నిలబడేదా? చుట్టాల పెళ్ళిళ్ళలో ఎప్పుడూ ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉండేది, రండి బావగారూ మీకోసమే అట్టేపెట్టాం అని ఎవరో ఒకరు చెయ్యిపట్టి లాక్కెళ్ళేవారు. ఎంత అభిమానమో అనుకునేవాడు. ఆవిడ పోయాక జరిగిన పెళ్ళిలో ఆ కుర్చీ లేదు.

ఆవిడ పోయాక లోకానికి మర్యాద తగ్గిందనుకున్నాడు. మనుషులు మొరటుబారిపోయారని కూతురితో ఫోన్లో అన్నాడు కూడా, అంటుండగానే అది, నాన్నా ఛార్జింగు అయిపోతోంది అంది. దాని ఫోన్లో ఎప్పుడూ ఛార్జింగు ఉండదు. అల్లుడి కారు ఆదివారాల్లో కదలదు. పక్కింటివాళ్ళ బెల్లు పనిచేయదు. చదరంగం స్నేహితుడు తర్వాతెప్పుడో దారిలో ఎదురుపడి, మీ ఫోను ఎప్పుడు చేసినా కలవదేంటండీ అన్నాడు, ఫోను నిక్షేపంలా ఉంది. ఇన్ని యంత్రాలు! ఒక్క మనిషి బతుకులో ఇన్ని యంత్రాలు పాడవుతాయా? పాడవుతున్నాయని ఆయన నమ్మాడు, నమ్మి ఆ యంత్రాలు చేసినవాళ్ళను తిట్టాడు, ఈ కాలపు సరుకే ఇంత అన్నాడు. ఒక్కటి కూడా పాడవలేదు. వాటి వెనక ఒక్కొక్క మనిషి నిలబడి, ‘ఇప్పుడు కాదు’ అనే చిన్నమాట అనలేక, అంటే ఈయన ఏమైపోతాడోనని భయపడి, ఒక బెల్లునో బ్యాటరీనో అడ్డం పెట్టుకున్నారు. జాలి. కాదు, జాలి ఒక్కటే అయితే ఎప్పుడో మానేసేవాళ్ళు. వడ్డిస్తూ వేడిగా ఉంది జాగ్రత్త అంటారే, అలాంటిది. కానీ ఎంత అలిసిపోయి ఉంటారు! తను ఒక్కడు నొచ్చుకోకుండా ఉండడానికి ఇంతమంది ఇన్నేళ్ళు మునివేళ్ళ మీద నడిచారు, ఆ అడుగుల చప్పుడు వినబడక, ఎవరూ రావడం లేదని తను నొచ్చుకున్నాడు.

నోరెండిపోయింది. గ్లాసులో నీళ్ళు తాగాడు, మింగిన చప్పుడు గదంతా వినిపించింది, మింగేస్తున్నారు అన్నాడతను. ఆఖరి మాట. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలో పొద్దున చదివిన వాక్యం ఉంది, దాన్ని మనసులో చదివి చూశాడు, తర్వాత పెదవులతో, తర్వాత కొంచెం పైకి. అవును. కొండ దిగే బండిలా గొంతు దానంతటదే దిగిపోయింది, చివరి మాట దగ్గరకొచ్చేసరికి గాలి మాత్రం ఉంది. ఎప్పటినుంచి? ఆయన ఇంట్లోనూ ఏ మాటా చివరిదాకా అనలేదు, కాఫీ ఏమైనా… సినిమాకి వెళ్దామా అని… నీకు ఒంట్లో… చివరిదాకా అంటే అది ప్రశ్నయిపోతుంది, ప్రశ్నయితే కాదనొచ్చు. సగంలో వదిలేస్తే, ఎవరైనా కాదన్నా నేను అడగలేదుగా అని మనసులో ఒక దారి ఉంటుంది. పెళ్ళి సంగతీ అంతే. కాలేజీ గ్రంథాలయం మెట్ల మీద, ఆవిడ పుస్తకాలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంటే, చెట్లవంక చూస్తూ, మనం… అంటే మీ ఇంట్లోవాళ్ళకి అభ్యంతరం లేకపోతే… అని ఆగిపోయాడు. “లేకపోతే?” అంది ఆవిడ. ఆయన చెట్ల వంకే చూస్తున్నాడు. “అయ్యో రామా, పెళ్ళి చేసుకుందాం. సరే. ఇక ఆ చెట్టుని వదిలేయండి, అది సిగ్గుపడుతోంది,” అంది. బతుకంతా ఆయన వాక్యాలను ఆవిడే పూర్తిచేసింది. బాగుంది. ఆవిడ అడగాలనుకున్నవి ఏమయ్యాయి? పాట నేర్చుకుంటానని ఒకసారి అంది, ఆయన ముఖం చూసి, ఆ మిషనుకి నూనె వేయాలండీ అంది. అంతటితో పోయింది. ఆయన ముఖంలో ఏం కనబడిందో. సాయంత్రాలు ఇంట్లో తను ఒక్కడే అయిపోతాననుకున్నాడు, అంతే, ఆ అరక్షణమే.

లిఫ్టు.

ఆయన లేచి నిలబడ్డాడు. లిఫ్టు గురించి ఆలోచించకూడదు. ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం, ఆవిడ మంచం అన్నిటికంటే పై అంతస్తులో, కిటికీలోంచి ఎండ దుప్పటి అంచు మీద పడుతోంది, ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చాలాసేపు ఆయన్నే చూసి, “ఏమండీ, లిఫ్టు పాడయిందట, బాగుచేయడానికి కాసేపట్లో ఆపేస్తారట. మీకు మోకాళ్ళ నొప్పులు. వెళ్ళిపోండి,” అంది. రేపు పొద్దున్నే వస్తానన్నాడు. రండి అంది. దుప్పటి గడ్డందాకా కప్పాడు, ఆవిడ ఆయన చొక్కా గుండీ ఒకటి సరిగ్గా పెట్టింది, పెట్టి ఆ గుండీ మీదే కాసేపు వేలు ఉంచింది. తెల్లారకముందే ఫోను వచ్చింది. ఆయన పరుగున వెళ్ళి లిఫ్టెక్కాడు. ఎక్కాడు! అప్పుడే బాగుచేసేశారే అనుకున్నాడు, ఆ ఏడుపులో కూడా, ఎంత త్వరగా చేశారో అని ఒక మంచిమాట అనుకున్నాడు. లిఫ్టు పాడవలేదు. లిఫ్టుకు ఏ రోగమూ లేదు. ఆవిడకు నొప్పి వస్తోంది, అది వచ్చేటప్పుడు తన ముఖం ఎలా అవుతుందో ఈయన చూడకూడదనుకుందో, మూలగాలనుకుందో, ఒక్కర్తీ ఉండాలనుకుందో, వెళ్ళిపోండి నన్ను కాసేపు వదిలేయండి అనాలి, అనలేకపోయింది. అంటే ఈయన నొచ్చుకుంటాడు. పోయే మనిషి, పోతూ పోతూ, ఆ నొప్పిలో, లిఫ్టు గురించి ఒక కథ అల్లాల్సొచ్చింది.

 ఏడుపు రాలేదు, వస్తే తేలిగ్గా ఉండేది. పిడుగు పడిన ఇంట్లో అన్నీ ఎక్కడివక్కడే ఉండి వాసన మాత్రం మారినట్టు ఉంది లోపల. తలుపు దగ్గరున్నాడు, సంచి భుజానికి ఎప్పుడు తగిలించుకున్నాడో, గొడుగు చేతిలో ఉంది. కాళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇప్పుడు వెళితే మళ్ళీ ఈ మెట్లెక్కడు, తన సంగతి తనకు తెలుసు, ఆమె ఫోను చేస్తే ఎత్తడు, వీధిలో కనిపిస్తే చుట్టుదారి పడతాడు. భార్య పోయాక ఆయన గొంతు పనికొస్తున్న చోటు ఇదొక్కటే. ఇంట్లో కొన్ని రోజులు ఒక్క మాట కూడా పైకి అనకుండా గడిచిపోతాయి. పోతే పోయింది. ఉంటే, ఆమె తిరిగొచ్చి ఆ అద్దం అవతల కూర్చుని, ఏ ముఖంతో చూస్తుంది, తను ఏ ముఖంతో చదువుతాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. అప్పుడు ఆలోచన వచ్చింది, ఇన్నేళ్ళలో మొదటిసారి వచ్చింది, ఈ గది గురించి గానీ తన గురించి గానీ కాక, ఎక్కడో గదుల్లో, చీకట్లో, పుస్తకం పెట్టుకుని వింటున్నవాళ్ళ గురించి. వాళ్ళకెవరు చెప్పారు మైకు అందుకోలేదని? ఆమె ఎన్నని మళ్ళీ చదివించగలదు. దాటిపోయిన వాక్యాల చివర్లు ఏమయ్యాయి?

తలుపు అటునుంచి తెరుచుకుంది. ఆమె. ఆయన భుజాన సంచి, చేతిలో గొడుగు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దారి ఇవ్వడానికి పక్కకు కూడా జరిగింది.

“వినేవాళ్ళు ఏమంటారమ్మా?” అన్నాడు ఆయన.

ఆమె కళ్ళు ఒక్కసారి మైకు వైపు వెళ్ళాయి, అలవాటుకొద్దీ. ఆయన చూశాడు. ఆయన చూశాడని ఆమె చూసింది.

“ఒకమ్మాయి ఫోను చేస్తుంటుంది సార్. ‘ఆ సారు చదివితే ఆఖరి మాట నేనే అనుకుంటాను, ఒక్కోసారి ఆయనకంటే నేనే బాగా పూర్తిచేస్తా’ అంటుంది.” కాస్త నవ్వింది. నవ్వు ఆపేసింది. “చాలామంది మాత్రం మీవి తీసుకోవడం మానేశారు. వేరేవాళ్ళు చదివినవే ఇవ్వమంటారు.”

అదన్నమాట. ఏ బ్యాటరీ, ఏ బెల్లు, ఏ లిఫ్టూ అడ్డం లేకుండా వచ్చిన మాట. గుండెకు తగిలింది, తగలాల్సిన చోటే తగిలింది, ఆయన కళ్ళు మూసుకుని దాని కోసం ఎదురుచూశాడు, పడిపోవడం కోసం.  పడిపోలేదు. కళ్ళు తెరిస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది, ఏదో బరువైనది దించి భుజం తడుముకుంటున్న మనిషిలా. ఆయన గొడుగును తలుపు వెనక పెట్టాడు. సంచి దించాడు. కుర్చీలో కూర్చుని, అవతలికి వెళ్ళమన్నట్టు చెయ్యి చూపాడు. ఆమె వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది.

“ఇకనుంచి,” అన్నాడు మైకులోకి, “నేనెక్కడ తప్పు చదివినా, ఎక్కడ మాట మింగినా, మొహమాటపడకుండా అద్దం మీద…”

గొంతు దిగిపోయింది. చివరి మాట నోట్లోనే ఉండిపోయింది.

అద్దం అవతల ఆమె చెయ్యి చెవి దగ్గరకు లేచింది, రోజూ లేచినట్టే, మైకు అందుకోలేదు సార్ అనడానికి పెదవులు విడివడ్డాయి కూడా. అక్కడే ఆగింది. చెయ్యి మెల్లగా చెవి దగ్గర్నుంచి దిగి, ముందుకు వచ్చి, వేలు ముడుచుకుంది.

టక్.

తుపాకీ పేలినట్టు ఆయన ఉలిక్కిపడ్డాడు. గ్లాసులో నీళ్ళు కదిలాయి. ఇన్నేళ్ళలో ఈ గది ఎన్నడూ వినని చప్పుడు, స్పాంజి గోడలు దాన్ని మింగేశాక కూడా చెవుల్లో మిగిలింది, తలుపు మీద గాజుల చప్పుడులా. అద్దం అవతల ఆమె తన వేలిని తానే ఆశ్చర్యంగా చూసుకుంటోంది.

ఆయన నిండా గాలి పీల్చుకుని వాక్యం మొదటికి వెళ్ళాడు.

“ఇకనుంచి నేనెక్కడ తప్పు చదివినా, ఎక్కడ మాట మింగినా, మొహమాటపడకుండా అద్దం మీద కొట్టండి.”